ఆషాఢంలో తేల్చుకోవాల్సిన లెక్క

నల్లగొండ గడియారం సెంటర్లోనైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి వంటి ఊళ్లలోనైనా స్టూడియో నడిపేవాళ్లకు ఒక పని గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు. దినాలకు ఫొటో. ఇంటి పెద్ద కన్నుమూస్తే పదకొండో రోజుకు దండ వేయడానికి 20 ఇంటు 24 సైజులో ఫ్రేము కట్టిన ఫొటో ఉండాలి. కొడుకో అల్లుడో ఫోనులోంచి ఏదో పెళ్లిలో దిగిన గుంపు ఫొటో చూపించి, అందులో నుంచి నాయిన మొహం తీసి పెద్దగా చేసి ఇమ్మంటాడు. పెళ్లి ఆల్బమ్ ఒక నెల ఆలస్యమైతే తిట్టుకుంటూనైనా ఆగుతారు. ఈ ఫొటో మాత్రం ఒక్క రోజు కూడా ఆగదు. పైగా అది ఆ ఇంటి గోడ మీద ముప్ఫై నలభై ఏళ్లు ఉండాల్సిన వస్తువు.

పెద్ద సైజు ఫొటో ప్రింటరు ముసలిదయ్యాక దాన్ని బాగు చేయించాలా, మార్చాలా అనే ప్రశ్నను నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. మిషన్ ఎంతకు కొన్నాం, ఎన్నేళ్లయింది అన్నవి తర్వాత వచ్చే సంగతులు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. రేపు పొద్దున ఒక కొడుకు వచ్చి నాయిన ఫొటో అడిగితే, ఈ మిషన్‌ను నమ్మి మీరు మాట ఇవ్వగలరా? ఇవ్వగలిగితే ఎన్ని నెలల పాటు ఇవ్వగలరు? దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే, మిగతాదంతా కాగితం మీద వేసే లెక్కే.

ఆ లెక్క ఎప్పుడు వేయాలన్నది చాలామంది పట్టించుకోరు. మిషన్ సాధారణంగా సీజన్లోనే మొరాయిస్తుంది, ఎందుకంటే నిజంగా పని చేసేది అప్పుడే. వైశాఖంలో వరుస ముహూర్తాలుంటాయి, బయట ఎండ 40 డిగ్రీలు దాటి ఉంటుంది. ఒక రాత్రి ప్రింట్ల మీద గీతలు పడతాయి. పొద్దున్నే హైదరాబాదుకు ఫోను వెళ్తుంది. అటు నుంచి మెకానిక్ ఎంత అడిగితే అంతకు ఒప్పుకుంటాం. లేదంటే, ఎవరో డీలరు ‘స్టాకులో ఒక్కటే ఉంది’ అన్నాడని, సరిగ్గా చూసుకోకుండానే కొత్తదానికి అడ్వాన్సు కడతాం. రెండూ భయంలో తీసుకున్న నిర్ణయాలే. పాలమూరు రైతు ఎద్దు సత్తా మృగశిర కార్తెకు ముందే చూసుకుంటాడు, నాగలి కట్టి సగం చాలు దున్నాక చూడడు. మనకూ అలాంటి ఖాళీ రోజులు పంచాంగంలోనే ఉన్నాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం మాసాల్లో పెళ్లిళ్లు ఉండవు. గురు మౌఢ్యమో శుక్ర మౌఢ్యమో వచ్చిన ఏడాది ఇంకొన్ని వారాలు కలిసి వస్తాయి. వీటిలో ఆషాఢం అన్నిటికన్నా అనువైనది. ఎండాకాలం సీజన్లో మిషన్ పడ్డ బాధలన్నీ అప్పటికి కళ్లముందే ఉంటాయి. శ్రావణం ముహూర్తాలు రావడానికి వ్యవధీ ఉంటుంది. ఆషాఢంలో ఒక వారం మిషన్‌ను పరీక్షించడానికి, ఒక వారం ధరలు కనుక్కోవడానికి, ఇంకో వారం ఇంట్లో కూర్చుని ఆలోచించడానికి కేటాయించండి. సీజన్ మధ్యలో మిషన్ ఆగితే తాత్కాలికంగా సర్దుబాటు చేసుకుని పని వెళ్లదీయండి గానీ, బాగు చేయించడమా మార్చడమా అన్న పెద్ద నిర్ణయం మాత్రం అప్పుడు చేయొద్దు.

ఇక పరీక్ష సంగతి. ‘హెడ్డు పోయింది’ అనేది మన ఊళ్లలో తరచూ వినపడే తీర్పు. చాలా సందర్భాల్లో ఆ తీర్పు తొందరపాటుదే. పెద్ద ఫొటో మిషన్లో ఖరీదైన భాగం హెడ్డే, నిజమే. కానీ దాని చుట్టూ చవకైన భాగాలు ఎన్నో ఉన్నాయి. పని లేనప్పుడు హెడ్డు కింద మూతలా ఆనుకుని ఉండే క్యాపు, దాన్ని తుడిచే వైపరు రబ్బరు, ఇంకును లాగే పంపు, హెడ్డు పైన ఇంకును నిలిపి ఉంచే డ్యాంపర్లు, హెడ్డు ఎక్కడుందో మిషన్‌కు చెప్పే పారదర్శకమైన ఎన్‌కోడర్ పట్టీ, వృథా ఇంకును పట్టే మెయింటెనెన్స్ ట్యాంకు. వీటిలో ఏది చెడినా ప్రింటు మీద కనిపించేది మాత్రం చాలావరకు గీతలో, మచ్చలో, రంగు తేడాలో. చూసేవాడికి అన్నీ హెడ్డు జబ్బుల్లాగే ఉంటాయి.

తేడా పట్టడానికి, ఏ రంగులో ఏ నాజిల్ పనిచేయడం లేదో చూపే నాజిల్ చెక్కు ప్రింటు ఒక్కటే చాలు, ఓపిక ఉంటే. మూడు రోజుల పాటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తీసి, ప్రతి కాగితం మీదా తేదీ, సమయం వేసి దాచండి. తర్వాత అన్నీ ఒకచోట పరిచి చూడండి. ఖాళీలు ప్రతిసారీ అదే రంగులో, అదే స్థానంలో ఉంటే ఆ నాజిళ్లు గట్టిగా మూసుకుపోయి ఉండాలి, లేదా కరెంటుపరంగా చచ్చిపోయి ఉండాలి. ఖాళీలు ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట కనిపిస్తుంటే అనుమానం హెడ్డు మీద కాదు, క్యాపు మీద, డ్యాంపర్ల మీద, ఎక్కడో గాలి లాగుతున్న ఇంకు దారి మీద పెట్టుకోవాలి. చెక్కులో అంతా బాగుండి, పెద్ద ప్రింటు సగానికి వచ్చాక ఒక రంగు సన్నబడిపోతుంటే ఇంకు సరిపడా అందడం లేదన్నమాట. నిలువు గీతలు రెండుగా కనిపిస్తుంటే అలైన్‌మెంటు చూడాలి. హెడ్డు ఉన్నట్టుండి పక్కకు వెళ్లి కొట్టుకుని ఆగిపోతుంటే ఎన్‌కోడర్ పట్టీ మీద దుమ్మో, గ్రీజో ఉందేమో చూడాలి. ఈ ఆరు కాగితాలు మెకానిక్ ముందు పరిస్తే అతను మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

మీ మిషన్ హెడ్డు ఏ జాతిదో తెలుసుకోవడం ఇంకో ముఖ్యమైన సంగతి. ఎప్సన్ హెడ్డులో పీజో స్ఫటికం ఉంటుంది. కరెంటు తగలగానే అది వంగి ఇంకు చుక్కను బయటకు నెడుతుంది. వేడి అక్కర్లేదు కాబట్టి అది చాలాకాలం మన్నేలా తయారైంది, మిషన్‌తో పాటే బతకాలని ఉద్దేశించింది. మార్చాలంటే మిషన్ విప్పాలి, కొత్త హెడ్డు వివరాలు సాఫ్ట్‌వేరులో ఎక్కించాలి, మళ్లీ సరిచూడాలి. అందుకే ఆ ఖర్చు గుండె గుభేలుమనిపిస్తుంది. కేనన్, హెచ్‌పీ హెడ్లలో చిన్న హీటరు ఉంటుంది. ఇంకును క్షణంలో మరిగించి బుడగ పుట్టిస్తుంది, ఆ బుడగ చుక్కను తోస్తుంది. ఆ హీటర్లు అరిగిపోతాయని తయారీదారుకు ముందే తెలుసు. కాబట్టి ఆ హెడ్డును దుకాణదారుడే తీసి పెట్టుకునేలా చేశారు. 2006లో వచ్చిన హెచ్‌పీ డిజైన్‌జెట్ జెడ్3100లో 12 ఇంకులకు ఆరు హెడ్లు ఉంటాయి, ఒక్కోటి రెండేసి రంగులది. ఒకటి పోతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. 2016లో వచ్చిన కేనన్ ప్రో-2000, ప్రో-4000లలో 12 ఇంకులకూ ఒకటే హెడ్డు. 2008లో వచ్చిన ఎప్సన్ స్టైలస్ ప్రో 7900, 9900లలో ఒక్కో రంగు వరుసకు 360 నాజిళ్ల చొప్పున పది వరుసలున్నాయి. అంతకు ముందటి 7880, 9880లలో వరుసకు 180, మొత్తం ఎనిమిది వరుసలు. కాబట్టి ‘హెడ్డు పోయింది’ అనే ఒకే మాట ఒక మిషన్‌కు మామూలు సామాను ఖర్చు, ఇంకో మిషన్‌కు మరణవార్త.

మన నేల గురించి కూడా చెప్పాలి. ఈ మిషన్లను తయారుచేసినవాళ్లు ఊహించుకున్న గది వేరు, మన షట్టరు గది వేరు. ఎండాకాలంలో మన మెట్ట ప్రాంతంలో గాలి ఎండిపోతుంది. క్యాపు అంచు కాస్త అరిగినా లోపల ఇంకు గట్టిపడుతుంది. కూలరు పెట్టుకున్నా దాని గాలి నేరుగా మిషన్ మీదికి రాకుండా చూడండి. తడి గాలికి కాగితం వంకర్లు పోతుంది, దాంతో పాటు వచ్చే దుమ్ము పట్టీ మీద కూర్చుంటుంది. హెడ్డు కింద తడిపి నానబెట్టాల్సి వస్తే డిస్టిల్డ్ వాటరే వాడాలి. మన బోరు నీళ్లలో లవణాలు ఎంతుంటాయో వేరే చెప్పాలా? నీళ్లలోంచి ఫ్లోరైడు తీయడానికి నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసిన పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టాల్సి వచ్చింది. ఆ నీళ్లు ఆరిపోయాక మిగిలే తెల్లటి పొర నాజిల్ మీద ఉంటే అది ఎండిన ఇంకు కన్నా మొండిది.

కరెంటు ఇంకో శత్రువు. ప్రింటు మధ్యలో కరెంటు పోతే హెడ్డు క్యాపు మీదికి చేరుకోలేదు, నోరు తెరుచుకుని మధ్యలోనే నిలబడిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయి, మీరు షట్టరు దించుకుని వెళ్లిపోయి, పొద్దున వచ్చారంటే పన్నెండు గంటలు అది ఎండినట్టే. మిషన్ పార్కు కావడానికి సరిపడా కొద్ది నిమిషాలు నిలిపే యూపీఎస్, సరైన ఎర్తింగు, స్టెబిలైజరు లేకుండా పాత మిషన్‌కు కొత్త హెడ్డు వేయించడం డబ్బు పారబోయడమే. తొలకరి ఉరుములకు కాలిపోయే బోర్డులు, లోపల దూరిన బల్లులు, ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఈ ఖాతాలోవే. మిషన్‌ను ఏది పాడుచేసిందో అది గదిలో అలాగే ఉంటే కొత్త మిషన్‌నూ అదే పాడుచేస్తుంది. మార్చాలని మనసులో నిర్ణయించుకున్నవాళ్లు కూడా ముందు గది బాగు చేసుకోవాలని నేను గట్టిగా చెప్తాను.

ఇప్పుడు మెకానిక్ వస్తాడు. నల్లగొండకైనా, మహబూబ్‌నగర్‌కైనా హైదరాబాదు నుంచి వంద కిలోమీటర్ల దూరం. రాను పోను ఒక రోజు అతనిది పోతుంది, ఆ రోజు కూలి మీదే. అందుకని అతను వచ్చినప్పుడు అడగాల్సినవి ముందే రాసి పెట్టుకోండి. సంభాషణ ఇలా సాగితే మంచిది:

‘అన్నా, హెడ్డు పోయింది. మార్చాలె.’

‘అట్లనే మారుద్దాం తమ్మీ. అంతకుముందు క్యాపు, డ్యాంపర్లు మార్చి ఒకసారి చూద్దామా? ఇగో, మూడు దినాల చెక్కులు తీసిపెట్టిన. ఖాళీలు ఒక్క జాగాల ఉంటలేవు.’

‘చూడొచ్చు. గ్యారంటీ అయితే చెప్పలేను.’

‘గ్యారంటీ అడుగుతలేను. నీ అంచనా చెప్పు. హెడ్డు మారిస్తే ఎన్ని నెలలు నడుస్తదంటవ్? మళ్ల ఆగేది దేనివల్ల?’

ఈ చివరి రెండు ప్రశ్నలు చాలా విలువైనవి. మంచి మెకానిక్ అబద్ధం చెప్పడు. ‘హెడ్డు నడుస్తది గానీ మెయిన్ బోర్డు పాతదైంది, అది పోతే దొరకదు’ అన్నాడంటే అది మీకు వచ్చిన అత్యంత నిజాయితీ గల సలహా. తీసేసిన పాత భాగాలు మీకే ఇమ్మనండి. వేసినవి కంపెనీవా, బయటివా, వాడినవా అన్నది బిల్లు మీద రాయించండి. అలాగే కంపెనీ సర్వీసు కేంద్రానికి ఒక మెయిలు పెట్టి, మీ మోడలుకు విడిభాగాలు, ఇంకు ఇంకా ఎన్నాళ్లు ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. తయారీ ఆగిన మోడలుకు కొన్నేళ్ల పాటే భాగాలు ఉంచుతారు. ఇంకు ఆగిపోయిన మిషన్‌కు హెడ్డు బాగున్నా భవిష్యత్తు లేదు.

లెక్కకు వద్దాం. ‘రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే మార్చెయ్యి’ అనే సూత్రం చాలామంది నోట వింటాం. నాకు అది చాలదు. అందులో కాలం లేదు. రూపాయలను నెలలతో భాగిస్తే గానీ నిజం కనపడదు. ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకుందాం, మీ అంకెలు మీరు వేసుకోండి. రిపేరు 70,000 అవుతుంది, మెకానిక్ అంచనా 18 నెలలు. అంటే నెలకు దాదాపు 3,900. కొత్త మిషన్ 3,60,000, జాగ్రత్తగా వాడితే 72 నెలలు వస్తుందనుకుంటే నెలకు 5,000. ఇక్కడితో ఆపితే రిపేరే చవక. కానీ పాత మిషన్ రోజూ క్లీనింగుకు తాగే ఇంకు ఉంది. గీతలు పడి చించేసిన కాగితం ఉంది. అది ఆగిన రోజున బయట చేయించిన ప్రింట్లకు కట్టిన డబ్బు ఉంది. పోయిన సీజన్లో ఇవన్నీ కలిపి నెలకు 3,000 అయ్యాయనీ, రిపేరు తర్వాత కూడా అందులో సగం మిగులుతుందనీ అనుకుంటే పాతది నెలకు 5,400 తింటోంది. కొత్తదానికి కొద్దో గొప్పో వృథా ఉన్నా, రెండూ ఇంచుమించు ఒకే చోటికి వచ్చాయి. ఇప్పుడు 70,000 అనే అంకె ముందున్నంత చిన్నదిగా కనపడదు.

ఈ లెక్క వేయాలంటే పోయిన సీజన్ వివరాలు కావాలి. అవి లేకపోతే ఇవాళే ఒక నోటు పుస్తకం మిషన్ పక్కన కట్టి పెట్టండి. ఎన్ని పెద్ద ప్రింట్లు బయటికి పోయాయి, ఎన్ని చించేశాం, ఏ రోజు ఏ రంగు కార్ట్రిడ్జి మార్చాం, ఏ రోజు ఎన్నిసార్లు క్లీనింగు చేశాం. పవర్ క్లీనింగు చేసినప్పుడైతే తప్పకుండా రాయాలి. అది ఇంకును విపరీతంగా లాగేస్తుంది, పంపు మీద భారం వేస్తుంది. ఫలితం లేకపోయినా మళ్లీ మళ్లీ నొక్కుతూ ఉండటం భయంతో చేసే పనే తప్ప వైద్యం కాదు.

లెక్క తేలాక కూడా చెయ్యి ఆడదు కొందరికి. ఎందుకో నాకు తెలుసు. ఆ మిషన్ అన్నం పెట్టింది. దాని మీద వచ్చిన డబ్బుతో బిడ్డ చదువు అయింది, ఇంటి మీద గది పడింది. ప్రతి దసరాకు దానికి బొట్టు పెట్టి, దండ వేసి, గుమ్మడికాయ కొట్టారు. అలాంటి దాన్ని తీసేయడం మనసుకు కష్టమే, ఆ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లకు ఈ వృత్తి తెలియదు. అయితే కృతజ్ఞత ఒకటి, లెక్క ఇంకొకటి. ‘ఇప్పటికే దీని మీద లక్ష పెట్టిన, ఇప్పుడు వదిలేస్తే అదంతా పోయినట్టే కదా’ అనే మాట ముఖ్యంగా పట్టుకుని పరిశీలించండి. ఆ లక్ష మీరు వదిలినా పోయింది, వదలకున్నా పోయింది. ఇవాళ చేతిలో ఉన్న 70,000 మాత్రమే మీ నిర్ణయానికి లోబడి ఉంది. ఈ డబ్బు రేపటి నుంచి ఏం తెచ్చిపెడుతుందన్నదే చూడాలి.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో మనసు ఉంది. ఎదురు దుకాణంలో కొత్త 44 అంగుళాల మిషన్ దిగింది, రిబ్బను కట్టి ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ రాత్రి నిద్ర పట్టదు. వారం తిరక్కముందే మనమూ అప్పు కోసం తిరుగుతాం. మమకారంతో పాతదాన్ని పట్టుకు వేలాడినా, పంతంతో కొత్తది కొన్నా, నిర్ణయం మాత్రం మనది కాదు. మీరు ఏ గాలికి ఊగుతున్నారో తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది: మీ లెక్క కాగితాన్ని ఈ వృత్తిలో లేని, మీ మేలు కోరే ఒకరికి చూపించండి. ఇంట్లో ఆవిడకు చూపించండి. మొత్తం మీద ఆమెకే మీ అప్పుల సంగతి బాగా తెలుసు. ‘ఎందుకు?’ అని ఆమె అడిగినప్పుడు మీరిచ్చే జవాబులో అంకెలు ఎన్ని ఉన్నాయో, ‘వాళ్లేమనుకుంటారు’లు ఎన్ని ఉన్నాయో మీకే వినిపిస్తుంది.

రిపేరు, కొత్తది అనే రెండు దారులే ఉన్నాయని అనుకోకండి. అసలు సొంత మిషన్ లేకుండా నడపడమనే మూడో దారి కూడా పరువైనదే. పాత కలర్ ల్యాబుల మిషన్లు మామూలుగా 12 అంగుళాల వెడల్పు దాకా వేసేవి. అంతకు మించిన సైజు కోసమే ఈ పెద్ద ప్రింటర్లు మన ఊళ్లకు వచ్చాయి. ఇప్పుడు హైదరాబాదు ల్యాబుకు ఫైలు క్షణంలో పోతుంది. 2020 నుంచి ఆర్టీసీ కార్గో కూడా ఉంది కాబట్టి ప్రింటు బస్సులో వచ్చేస్తుంది. లెక్క మళ్లీ చూడండి. కొత్త మిషన్ నెలకు 5,000 అనుకున్నాం. ఒక ప్రింటుకు మీ ఇంకు, కాగితం 200, అదే ప్రింటు ల్యాబులో 400 అయితే, ప్రింటుకు 200 మిగులు. 5,000 రాబట్టాలంటే నెలకు 25 పెద్ద ప్రింట్లు ఖచ్చితంగా ఉండాలి, అదీ ఆషాఢం, పుష్యం కలుపుకొని సగటున. మీ పుస్తకంలో 12, 15 ఉంటే సొంత మిషన్ మీకు బరువే. అంతేకాదు, పని తక్కువైన కొద్దీ ఈ మిషన్లు పాడవుతాయి. కదలని హెడ్డులో ఇంకు ఎండుతుంది, ఎండినదాన్ని కదిలించడానికి ఇంకా ఇంకు పోతుంది. ఒకే తాలూకాలో రెండు మూడు స్టూడియోలు కలిసి ఒక్క మిషన్‌ను నడిపితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. పోటీ ఎక్కువగా ఉన్నచోట ఇది కష్టమని తెలుసు. అయినా అడిగి చూడటం తప్పు కాదు.

ల్యాబు మీద ఆధారపడితే దినాల ఫొటో సంగతేమిటి అంటారా? అక్కడే జాగ్రత్త. ల్యాబు సెలవు రోజు పడితే, బస్సు తప్పితే, మీ మాట పోతుంది. రెండు ల్యాబులతో పరిచయం పెట్టుకోవాలి, ఒకటి మీ జిల్లా కేంద్రంలోనే ఉంటే మేలు. ఒక రోజు ముందుకు లెక్క వేసి మాట ఇవ్వాలి. ఫ్లెక్సు మిషన్ మీద చవకగా వేసి ఇవ్వడం మాత్రం వద్దు. తొందరలో ఉన్న ఇంటివాళ్లకు ఆ రోజు తేడా తెలియదు. గోడ మీద కొన్నేళ్లు ఉన్నాక తెలుస్తుంది. పాత మిషన్‌కు చవక రీఫిల్ ఇంకు పోసి బతికించే ఆలోచనకూ ఇదే నా అభ్యంతరం. పిగ్మెంటు ఇంకులో రంగు చిన్న రేణువులుగా కాగితం మీద నిలుస్తుంది, వెలుతురుకు ఓర్చుకుంటుంది. ఏదో డబ్బాలో వచ్చిన డై ఇంకు వాడితే నాయిన మొహం ముందు ఎర్రబారి, తర్వాత వెలిసిపోతుంది. రిపేరు చేయించే శక్తి లేక ఇంకులో ఆదా చేసుకుందామనుకునే స్థితికి వచ్చారంటే, ఆ మిషన్ ఆ పనికి పనికిరానట్టే లెక్క.

కొత్తది కొనాలని తేలితే, అంకెల్లో ఇంకొన్ని చేర్చుకోండి. మీ కంప్యూటరు దాంతో మాట్లాడుతుందా? విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త ప్రింటరుతో పాటు కొత్త కంప్యూటరు కూడా కొనాల్సి వస్తే ఆ ఖర్చూ ఇందులోదే. జీఎస్టీ రెగ్యులర్ పద్ధతిలో ఉంటే మిషన్ మీద కట్టిన పన్ను ఇన్‌పుట్ క్రెడిటుగా తిరిగి వస్తుంది. కాంపొజిషన్లో ఉన్నవాళ్లకు రాదు. క్రెడిటు తీసుకున్న పన్ను మొత్తం మీద మళ్లీ తరుగుదల చూపకూడదు, ఆడిటరుకు ముందే చెప్పండి. అప్పు కావాలంటే డీలరు చూపించే ఫైనాన్సు కాగితం మీద సంతకం పెట్టే ముందు బ్యాంకుకు వెళ్లి ముద్రా రుణం అడగండి. 2015లో మొదలైన ఆ పథకంలో ‘కిశోర్’ విభాగం 50,000 దాటి ఐదు లక్షల దాకా ఇస్తుంది, ఇలాంటి మిషన్‌కు అది సరిపోతుంది. వడ్డీ తేడా ఎంతో కాగితం మీద రాసి పక్కపక్కన పెట్టి చూడండి.

వాడినది కొనేవాళ్లు మీ కళ్ల ముందే నాజిల్ చెక్కు తీయించుకోండి, ఆ తర్వాత ఒక పెద్ద నల్లని ప్రింటు, ఒక పెద్ద బూడిద రంగు ప్రింటు వేయించండి. చిన్న నమూనాలో దాక్కున్న జబ్బు ఆ బూడిద రంగులో బయటపడుతుంది. మిషన్ ఎన్ని ప్రింట్లు తీసిందో చెప్పే స్టేటస్ కాగితం అడగండి. హెడ్డు కదలకుండా లాకు వేసి, కంపెనీ చెప్పిన తీరులో ఇంకు సర్దుబాటు చేశాకే లారీ ఎక్కించమనండి. హైదరాబాదు నుంచి కల్వకుర్తి దాకా గుంతల్లో పడుకోబెట్టి తెచ్చిన మిషన్ గురించి తర్వాత ఎవరినీ అడగలేం.

కొత్తదైనా, రిపేరైనా, ఇచ్చిన మాట నిలబెట్టుకోని అమ్మకందారు దగ్గర మీకు దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం కోసం కొన్న వస్తువులను పక్కన పెట్టినా, కేవలం స్వయం ఉపాధితో బతకడానికి తానే వాడుకునే వస్తువు కొన్నవాణ్ని వినియోగదారుడిగానే చూస్తుంది. ఒక్కడే స్టూడియో నడుపుకునే మనిషికి ఇది పెద్ద అండ. అందుకే బిల్లు, వారంటీ కార్డు, మెకానిక్ రాసిచ్చిన కాగితం, ఆ నాజిల్ చెక్కులు అన్నీ ఒక ఫైల్లో ఉండాలి.

పాతదాన్ని పంపించే పని కూడా నిర్ణయంలో భాగమే. చాలా స్టూడియోల్లో అది వెనక గదిలో, దుప్పటి కింద, ఏళ్ల తరబడి ఉంటుంది. చోటు తింటుంది, మనసులో ఒక మూల ‘ఎప్పుడైనా బాగు చేయిద్దాం’ అని గుచ్చుతూ ఉంటుంది. అదే మోడలు వాడుతున్నవాళ్లు చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. మీ బోర్డు, మీ మోటార్లు, మీ స్టాండు వాళ్ల మిషన్‌ను ఇంకో సీజన్ నడపవచ్చు. ఇంకు మిగిలిన కార్ట్రిడ్జిలు గడువు చూసి వాళ్లకే ఇవ్వండి. ఏమీ పనికిరాని అస్థిపంజరాన్ని ఇంకుతో సహా పాత ఇనుప సామాన్ల వాడికి తూకం వేసి ఇవ్వకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కింద ప్రింటర్లు, కార్ట్రిడ్జిలు కూడా వస్తాయి. కంపెనీ డీలరునో, నమోదైన రీసైక్లింగు సంస్థనో అడిగి అప్పగించి, రసీదు తీసుకోండి.